ముఖమే కథ చెప్పేస్తే: తప్పిన ఒక పాత్ర ఎంపిక, ఎడిటింగ్‌లో దాని మరమ్మతు

మంచి సినిమాలో ఒక్క పాత్రకి మనిషి కుదరకపోతే ఆ నష్టం ఎంత దూరం పాకుతుందో, షూటింగ్ అయిపోయాక దాన్ని ఎంతవరకు సరిచేసుకోవచ్చో ఈ కేసులో కనిపిస్తుంది. చెన్నైలో పోస్ట్ ప్రొడక్షన్ చేసుకున్న ఒక మధ్యతరహా తెలుగు సినిమా ఇది. ఎవరూ గుర్తుపట్టకుండా కథలోని వృత్తి, బంధుత్వాలు, కొన్ని అంకెలు మార్చాం. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారన్నది మాత్రం మార్చలేదు.

ముందే ఒక తేడా చెప్పుకోవాలి. "క్యాస్టింగ్ దెబ్బతింది" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు జబ్బులున్నాయి. మొదటిది నటన రాకపోవడం. రెండోది పాత్రకి మనిషి అతకకపోవడం, అంటే వయసో, ఒడ్డూ పొడుగో, యాసో, జాతో కుదరకపోవడం. 1961లో వచ్చిన 'బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్'లో జపనీయుడి పాత్రకి మికీ రూనీని తీసుకోవడం ఇలాంటిదే. ఆ సినిమాని ప్రాణంగా ప్రేమించేవాళ్ళకి కూడా ఆ సీన్లు వస్తే ఇబ్బందిగా ఉంటుంది. వాటిని ఏ ఎడిటింగూ బాగుచేయలేదు. మూడోది కాస్త చిత్రమైనది. నటుడు బాగా చేస్తాడు, పాత్రనీ బాగా రాశారు, కానీ కథ నోరు విప్పకముందే ఆ ముఖం ప్రేక్షకుడికి ఏదో చెప్పేస్తుంది. ఈ కేసు మూడో రకం. రకం తెలుసుకోకుండా మందు వేయడం వల్లే ఇక్కడ మొదటి రెండు ప్రయత్నాలూ వృథా అయ్యాయి.

నేపథ్యం

నెల్లూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన ఆవిడ, భర్త పోయాక ఉత్తర చెన్నైలోని ఒక పాత వీధిలో ఆంధ్రా మెస్ నడుపుతుంటుంది. వయసు 48. తమిళం గడగడా మాట్లాడుతుంది, చదవడం రాదు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని పద్దులు రాసేది మరిది. మూడు తరాలుగా మద్రాసులోనే ఉన్న కుటుంబం కాబట్టి కాగితాల పనులన్నీ అతనికే తెలుసు. బిల్డింగ్ వ్యవహారాలకి వదిన అతనికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఉంటుంది. అతను దాంతోనే బిల్డింగ్‌ని ఒక ఫైనాన్షియర్‌కి తాకట్టు పెట్టేస్తాడు. స్క్రిప్టు ప్రకారం ఈ సంగతి ఇంటర్వెల్ దాకా ఆవిడకీ తెలియదు, మనకీ తెలియదు. ఫైనాన్షియర్ మనుషులు టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలవడమే ఇంటర్వెల్. తాకట్టు పెట్టిన సీను ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌గా వస్తుంది.

స్క్రిప్టు గట్టిది. వదిన పాత్ర వేసిన నటి, కెమెరా పని, లొకేషన్ సౌండ్ అన్నీ మంచి స్థాయిలో ఉన్నాయి. మరిది పాత్రకి మాత్రం ఇరవై ఏళ్ళకి పైగా విలన్ వేషాలతో పేరున్న నటుణ్ణి తీసుకున్నారు. ఆరడుగుల మనిషి, బరువైన గొంతు. ఎంపికకి రెండు కారణాలున్నాయి, రెండూ తీసిపారేసేవి కావు. నిర్మాత వైపు నుంచి చూస్తే, కొత్త ముఖాలతో తీసిన సినిమాకి ఓటీటీ, శాటిలైట్ బేరం కుదరాలంటే పోస్టర్ మీద తెలిసిన ముఖం ఒకటైనా కావాలి. దర్శకుడి ఆలోచన ఇంకొకటి. విలన్‌గా చూసిన మనిషిని సాధువుగా చూపిస్తే ఆ మోసం ఇంకా గట్టిగా తగులుతుందని ఆయన లెక్క.

దర్శకుడి లెక్క వెనక ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడిగా జనాన్ని వణికించిన ఎస్వీ రంగారావు, నాలుగేళ్ళకి 1955లో అదే విజయా వారి 'మిస్సమ్మ'లో ఎంతో సాత్వికుడైన జమీందారుగా కనిపిస్తే ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. అయితే అక్కడ జమీందారుకి చేతినిండా పని ఉంది. బడి నడిపించాలి, తప్పిపోయిన పెద్దకూతురి కోసం బెంగపడాలి, ఉన్న కూతుర్ని గారాబం చేయాలి. తెరమీద మనిషి ఏదో ఒకటి చేస్తూంటే ప్రేక్షకుడు ఆ చేసేదాన్నే చూస్తాడు. మన మరిది మాత్రం మొదటి నలభై నిమిషాలూ ఎక్కువగా కూర్చునే ఉంటాడు, చూస్తూ ఉంటాడు. ఖాళీగా వదిలిన జాగాలోకి ప్రేక్షకుడు తనకి తెలిసినదాన్నే తెచ్చి పెట్టుకుంటాడు. అతనికి ఈ నటుడి గురించి తెలిసింది ఇరవై ఏళ్ళ విలనీ.

సమస్య బయటపడిన తీరు

136 నిమిషాల రఫ్ కట్‌ని, అంటే ఇంకా చెక్కాల్సిన మొదటి ఎడిట్‌ని, వడపళనిలో ఒక ప్రివ్యూ థియేటర్‌లో 14 మందికి చూపించారు. సినిమా చూశాక అందరూ మెచ్చుకున్నారు. వదిన గురించి, మెస్ వాతావరణం గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. "సెకండాఫ్ ఎందుకో కొంచెం లాగింది" అన్న మాట మాత్రం నలుగురైదుగురి నోట వచ్చింది. ఈ మాటను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. సెకండాఫ్ లాగిందని ప్రేక్షకుడు అన్నప్పుడు చాలాసార్లు తప్పు ఫస్టాఫ్‌లో ఉంటుంది.

అదృష్టవశాత్తూ ఇంటర్వెల్‌కి పది నిమిషాల ముందు సినిమా ఆపి చీటీలు రాయించారు. "ఈ ఇంట్లో మీకు నమ్మకం కలగని మనిషి ఎవరు? ఎప్పటినుంచి?" అన్నది ప్రశ్న. 14 మందిలో 11 మంది మరిది అని రాశారు. అందులో 8 మంది "మొదటిసారి కనిపించినప్పుడే" అన్నారు. అంటే ఇంటర్వెల్‌లో వాళ్ళకి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఆ తర్వాత వదిన విస్తుపోయి ఏడ్చే పదిహేను నిమిషాలూ, తమకి ఎప్పుడో తెలిసిపోయిన సంగతి ఆవిడకి ఇప్పుడా తెలిసేది అని చూస్తున్నారు. కథలో ఆవిడ తెలివైన మనిషి, సినిమాలో అమాయకురాలైపోయింది. అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. ఒక పాత్రకి మనిషి తప్పితే చెడేది ఆ ఒక్క పాత్ర కాదు, ఎదుట నిలబడిన పాత్ర చెడుతుంది.

మొదటి ప్రయత్నం: గొంతు మార్చడం

అందరికీ ముందు తట్టేది ఇదే, ఎందుకంటే చవక. చెన్నైలో డబ్బింగ్ థియేటర్లకి, తెలుగు డబ్బింగ్ ఆర్టిస్టులకి లోటు లేదు. గొంతు బరువుగా ఉండటం వల్లే భయంగా ఉందేమోనని సన్నని, కాస్త వణుకున్న గొంతు గల ఆర్టిస్టుతో 27 సీన్లూ చెప్పించారు. నాలుగు సెషన్లు పట్టింది.

కుదరలేదు. సింక్‌లో, అంటే పెదవులకి మాట అతకడంలో, తప్పేమీ లేదు. మనవాళ్ళకి అరువు గొంతు కొత్త కాదు, రాజశేఖర్‌కి సాయికుమార్ గొంతు ఏళ్ళ తరబడి ఎంతగా అతుక్కుపోయిందో అందరికీ తెలుసు. అక్కడ జనం ఆ ముఖాన్నీ ఆ గొంతునీ కలిపే అలవాటు చేసుకున్నారు. ఇక్కడి నటుడి సొంత గొంతు ఇరవై ఏళ్ళుగా అందరి చెవుల్లో ఉంది. కొత్త గొంతు వినగానే "ఈయనకి డబ్బింగ్ ఎందుకు చెప్పించారు, ఏదో దాస్తున్నారు" అన్న అనుమానం అదనంగా వచ్చి చేరింది. పైగా అంత ఛాతీలోంచి అంత సన్నని మాట వస్తుంటే రెండుచోట్ల నవ్వారు.

రెండో ప్రయత్నం: పాత్రని తగ్గించడం

మరిది 31 నిమిషాలు కనిపిస్తాడు. 9 నిమిషాలు తీసేస్తే బరువు తగ్గుతుందనుకున్నారు. కథకి అవసరమైన సీన్లు ఉంచి, "లాగుతున్న" సీన్లు తీశారు. అరిటాకుల కట్టకి బేరమాడటం, పార్సిల్‌కి పురికొస కట్టడం, మేనకోడలి స్కూలు బ్యాగు జిప్పు బాగుచేయడం, మధ్యాహ్నం గల్లాపెట్టె మీద తల వాల్చి కునుకు తీయడం, ఇవన్నీ పోయాయి.

ఫలితం తలకిందులైంది. ఈసారి కొత్తగా పిలిచిన 9 మందిలో 9 మందీ అతనే అన్నారు. ఎడిటింగ్‌లో చాలామంది చేసే పొరపాటు ఇది కాబట్టి కారణం వివరంగా చెప్పాలి. కథకి అవసరమైన సీన్లంటే డబ్బు, కాగితం, ఫైనాన్షియర్ ఉన్న సీన్లు. పనికిరాని సీన్లంటే అతను మామూలు మనిషిగా బతికే సీన్లు. రెండో రకం తీసేస్తే మిగిలే ప్రతి సీనులోనూ అతని పక్కన డబ్బే ఉంటుంది. అతికీ అతకని నటుణ్ణి తగ్గించాల్సి వస్తే కోత పడాల్సింది కథ సీన్లలో. పురికొస సీన్ల జోలికి పోకూడదు.

తీసిన 9 నిమిషాల్లో 6 తిరిగి పెట్టేశారు.

ఆగి, పరీక్ష చేయడం

ఇక్కడ పని ఆపి, రోగం ఎక్కడుందో కనుక్కోవడానికి మూడు చిన్న పరీక్షలు పెట్టారు. ఇవి మొదటిరోజే చేసి ఉంటే నాలుగు డబ్బింగ్ సెషన్లు మిగిలేవి.

మొదటి 20 నిమిషాలు సౌండ్ తీసేసి 8 మందికి చూపించారు. 7 మంది మరిదినే అనుమానించారు. అదే 20 నిమిషాలు బొమ్మ లేకుండా, నటుడి సొంత గొంతుతో సౌండ్ మాత్రమే ఇంకో 8 మందికి వినిపించారు. ఇద్దరే అనుమానించారు. తప్పు గొంతులో లేదని తేలిపోయింది. మూడో పరీక్షకి, తెలుగు తమిళ సినిమాలు పెద్దగా చూడని ఐదుగుర్ని వెతికి పట్టుకుని అసలు కట్ చూపించారు. అందులో ఒక్కరే అతన్ని వేలెత్తి చూపారు. అంటే నటనలో దోషం లేదు. నటుడి పాత సినిమాల జ్ఞాపకమే ఇక్కడ పనిచేస్తోంది. గుంపులు చిన్నవే, ఇది సర్వే కాదు. కానీ 7, 2, 1 అన్న అంకెల మధ్య ఉన్న దూరం దారి చూపడానికి చాలు.

తర్వాత అతని మొదటి ఎంట్రీని ఫ్రేము ఫ్రేముగా చూశారు. అక్కడ ఇంకో సంగతి బయటపడింది. నేరం జ్ఞాపకానిది మాత్రమే కాదు, యూనిట్‌ది కూడా. గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషిని కెమెరా టేబుల్ అంచు కిందనుంచి పైకి చూస్తోంది. ఒక చెంప మీదే లైటు. "రసం అయిపోయింది, ఇంకో వాయి పెట్టమను" అని అతను అన్న తర్వాత షాట్ నాలుగు సెకన్లు ఆ ముఖం మీదే నిలబడింది. 24 ఫ్రేముల లెక్కన 96 ఫ్రేములు. రసం గురించి మాట్లాడిన మనిషిని అంతసేపు చూపిస్తే, రసంలో ఏం కలిపాడోననిపిస్తుంది. దానికితోడు రీరికార్డింగ్‌లో కింద చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యపు స్వరం ఒకటి. ఎవరూ కావాలని చేసింది కాదు. పేరున్న నటుడు ఫ్రేములోకి రాగానే అందరి చేతులూ అలవాటు కొద్దీ ఎంట్రీ షాట్ తీసేశాయి.

మనిషినే మార్చడం

ఈ దశలో "మొత్తం తీసేసి వేరే నటుడితో మళ్ళీ తీద్దాం" అన్న మాట వచ్చింది. సినిమా చరిత్రలో దీనికి మంచి ఉదాహరణలే ఉన్నాయి. ఇదే వడపళనిలో, వాహినీ స్టూడియోలో 'మిస్సమ్మ'ని భానుమతితో మొదలుపెట్టి, కొన్ని రీళ్ళు తీశాక సావిత్రితో మళ్ళీ తీశారు. 'బ్యాక్ టు ది ఫ్యూచర్'లో ఎరిక్ స్టోల్జ్‌తో కొన్ని వారాలు తీసి, మైకేల్ జె. ఫాక్స్‌తో మొదటికి వచ్చారు. 2017లో 'ఆల్ ది మనీ ఇన్ ది వరల్డ్' అయితే పూర్తయిపోయిన సినిమా. కెవిన్ స్పేసీ సీన్లన్నీ క్రిస్టఫర్ ప్లమర్‌తో 9 రోజుల్లో తిరిగి తీశారు. ప్లమర్‌కి ఆ పాత్రకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

ఈ ఉదాహరణలు ధైర్యం ఇస్తాయి, కానీ వాటిలో ఉన్న వసతి మనకుందా అని చూడాలి. మొదటి రెండింటిలో షూటింగ్ మధ్యలోనే ఆగారు. మూడోదానిలో డబ్బు ఉంది, ఎదుటి నటులు వెంటనే తిరిగి వచ్చారు. ఇక్కడ 27 సీన్లలో 16 వదినతో కలిసి ఉన్నవి. ఆవిడ వేరే సినిమా కోసం గెటప్ మార్చుకుని ఉన్నారు. అసలు మెస్‌ని యజమాని రంగులేసి బట్టల షాపుకి అద్దెకిచ్చేశాడు. లోపలి భాగం సెట్ వేసి 12 రోజులు తీస్తే తప్ప కాదు, ఆ డబ్బు లేదు. ఇంకో కారణం కూడా బలంగా పనిచేసింది. ఆ 16 సీన్లలో వదిన నటన అతని ఎదుట పుట్టింది. మనిషిని మారిస్తే సినిమాలో అన్నిటికన్నా విలువైనదాన్ని పణంగా పెట్టినట్టే. వద్దనుకున్నారు.

పనిచేసిన దారి

ఎడిట్ సూట్‌లో అసిస్టెంట్ ఎడిటర్ వేసిన ఒక ప్రశ్నతో మలుపు తిరిగింది. "అందరికీ ముందే తెలిసిపోతోంది కదా, మరి మనమెందుకు దాస్తున్నాం?"

ఆ ముఖం రహస్యాన్ని మోయలేదు. సరే, మరి ఏం మోయగలదు? రషెస్‌ని, అంటే షూటింగ్‌లో తీసిన ముడి షాట్లన్నిటినీ, మళ్ళీ మొదటినుంచి ఈ ప్రశ్నతో చూశారు. ఆ నటుడి కళ్ళ కింద బరువుంది. వదిన "తిన్నావా అప్పా?" అని అడిగినప్పుడల్లా జవాబు చెప్పేముందు అర సెకను ఆలస్యం ఉంది. అనుమానంతో చూస్తే అది కపటం. అతను తప్పు చేశాడని ముందే తెలిసి చూస్తే అదే ఆలస్యం అపరాధ భావం. షాట్ మారలేదు, ఫ్రేము మారలేదు. చూసేవాడికి ముందు తెలిసింది మారిందంతే.

దాంతో తాకట్టు సీనుని ఇంటర్వెల్ తర్వాతి ఫ్లాష్‌బ్యాక్ నుంచి తీసి 19వ నిమిషానికి తెచ్చారు. ఇక "ఎవరు చేశారు" అన్న ప్రశ్న లేదు. "ఈవిడకి ఎప్పుడు తెలుస్తుంది, ఇతను తనంతట తను చెబుతాడా" అన్నది ప్రశ్న. మెస్‌లో అతనికి రెండోసారి కూర వడ్డించే మామూలు సీను ఇప్పుడు గుండె పట్టేసేలా ఉంది. ముఖ్యంగా వదినకి తెలివి తిరిగి వచ్చింది. ఆవిడకి తెలియని సంగతి మనకి సినిమాయే చెప్పింది కాబట్టి, ఆవిడ అమాయకురాలని ఎవరికీ అనిపించదు.

సీను జరపడం చెప్పినంత తేలిక కాలేదు. ఫ్లాష్‌బ్యాక్ అంతా వదిన వాయిస్ ఓవర్ మీద నడిచేలా తీశారు కాబట్టి లొకేషన్‌లో మాటలు రికార్డు చేయలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సీనుకి మాటలు కొత్తగా రాసి, పెదవులు కనిపించని షాట్ల మీద డబ్బింగ్ చెప్పించి, స్టాంపు కొట్టే చప్పుడు, కుర్చీల రాపిడి, ఫ్యాను దాకా ఫోలీలో, అంటే స్టూడియోలో చప్పుళ్ళని విడిగా పుట్టించి, మొదటినుంచి చేయాల్సి వచ్చింది. గోడమీద రోజూ చింపే తమిళ క్యాలెండర్‌లో సంవత్సరం కనిపిస్తోంది, దాన్ని డీఐలో, అంటే కంప్యూటర్ మీద బొమ్మ రంగులు సరిదిద్దే దశలో, చెరిపారు.

ఇంకో పెద్ద చిక్కు: రహస్యం 19వ నిమిషంలోనే చెప్పేస్తే ఇంటర్వెల్‌లో ఏముంటుంది? దీనికి ఒకటిన్నర రోజు ప్యాచ్ వర్క్, అంటే షూటింగ్ అయ్యాక అదనంగా తీసే ముక్కలు, తీశారు. కొత్తగా రాసిన ఇంటర్వెల్ సీను ఇది. బ్యాంకు లోను కోసం వదిన ఈసీ, అంటే తమిళనాట విల్లంగ సర్టిఫికెట్ అనే కాగితం, ఎవరితోనో తెప్పించుకుంటుంది. రిజిస్టరైన తాకట్టు ఏదైనా ఉంటే అందులో పడుతుంది. కాగితం తమిళంలో ఉంటుంది. మెస్ కట్టేశాక రాత్రి పూట దాన్ని మరిది చేతికే ఇచ్చి "చదువప్పా" అంటుంది. అతను పై నుంచి ఒక్కొక్క వరుసా చదివి తెలుగులో చెబుతుంటాడు. తాకట్టు వరుస దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగుతుంది, ఆ వరుస దాటేసి కింది దానికి వెళ్తుంది. ఆవిడ చూస్తోంది. తమిళం చదవడం రాదు, కానీ అతని వేలు ఒక వరుస దాటడం ఆవిడకి కనిపిస్తుంది. కట్.

రెండు నిమిషాల నలభై సెకన్లు. మెస్ లొకేషన్ లేదు కాబట్టి ఒక టేబుల్, గోడ ముక్క, వేలాడే బల్బు చాలేలా రాసిన సీను. వదిన గెటప్ సమస్యని తలమీద కొంగుతో, చీకటితో దాటారు. చేతుల ఇన్సర్ట్ షాట్లు నటుడివే తీశారు. డూప్ చేతులు వద్దన్నారు, అంత పెద్ద వేలు అంత సన్నని అక్షరాల మీద వణకడమే ఆ సీను కాబట్టి.

మిగిలినవి చిన్న పనులు, కానీ ఇవి లేకపోతే పెద్ద మార్పు నిలబడేది కాదు. చివరికి ఇచ్చే 2కే కన్నా పెద్ద బొమ్మగా, 4కేలో తీశారు కాబట్టి ఫ్రేముని కొంత దగ్గరికి లాక్కునే వీలుంది. ఎంట్రీలో ఆ కింది కోణాన్ని వదిలేసి, వదిన భుజం మీదుగా ఉన్న సజెషన్ షాట్‌ని దగ్గర చేసి వాడారు. రసం డైలాగు తర్వాత 96 ఫ్రేములు 20కి వచ్చాయి. ఈ నటుడికి మాటకి ముందు కనుబొమ ఎగరేయడం అలవాటు. షాట్ మొదట్లో 12 నుంచి 18 ఫ్రేములు కోస్తే అది పోతుంది, 14 చోట్ల కోశారు. చెల్లో స్వరం ఆరుచోట్ల తీసేసి, ఆ జాగాలో గరిటె చప్పుడు, స్టీలు గ్లాసులు, వీధిలో ఆటో వదిలారు.

డబ్బింగ్ మళ్ళీ నటుడి చేతే, 11 సీన్లకి చెప్పించారు. మైకుకి బాగా దగ్గరగా నిలబడి చెప్పడం ఆయన అలవాటు. డైరెక్షనల్ మైకు దగ్గర పెదవులు ఎంత దగ్గరైతే కింది స్వరాలు అంత ఉబ్బుతాయి, విలన్ గొంతులో ఉండే ఆ గంభీరం సగం అక్కడిదే. అడుగున్నర దూరం జరిపి, నిలబడనివ్వకుండా, టేబుల్ మీదికి వంగి పద్దు రాస్తున్నట్టు కూర్చోబెట్టి చెప్పించారు. ఛాతీ నొక్కుకుంటే మాట తేలిపోతుంది. ఆయన ఎంతో ఓపిగ్గా సహకరించారు. అది రాయకపోతే ఈ కేసు అసంపూర్ణం.

యాస కూడా అప్పుడే సరిచేశారు. మూడు తరాల మద్రాసు తెలుగువాడు "వెళ్తున్నాను వదినా" అనడు, "పోతా ఉండా వదినా" అంటాడు. అక్షరాల లెక్క సరిపోయినా క్లోజప్‌లో దొరికిపోతుంది. "వె"కి కింది పెదవి పళ్ళని తాకుతుంది, "పో"కి రెండు పెదవులూ మూసుకోవాలి. అందుకని క్లోజప్పుల్లో "వచ్చేస్తా వదినా" లాంటి "వ"తో మొదలయ్యే మాటలు వెతికి పెట్టి, పక్కకి తిరిగిన షాట్లలో, వీపు కనిపించే షాట్లలో "పోతా ఉండా" వేశారు. వరుసగా అన్నీ మార్చనక్కర్లేదు. సీనుకి ఒకటి రెండు మాటలు పడితే చెవి మిగతాది నమ్మేస్తుంది.

ఫలితం, మిగిలిపోయిన లోటు

చివరి నిడివి 128 నిమిషాలు. సెన్సార్‌కి వెళ్ళకముందే ఈ పనంతా అయింది కాబట్టి మార్పులకి మళ్ళీ అనుమతి తెచ్చుకునే బాధ తప్పింది. కొత్తగా 13 మందికి చూపించారు. పాత ప్రశ్నకి ఇప్పుడు అర్థం లేదు. అందుకని "ఏ సీను గుర్తుండిపోయింది", "ఎక్కడ ఫోను చూడాలనిపించింది" అని రెండే అడిగారు. 9 మంది ఈసీ చదివే సీను రాశారు. సెకండాఫ్ లాగిందన్న మాట ఒక్కరి దగ్గర వచ్చింది.

అయినా పోయింది పోయింది. దర్శకుడు మొదట ఊహించిన సినిమా, ఆవిడతోపాటు మనమూ ఒక్కసారిగా మోసపోయే సినిమా, ఇప్పుడు లేదు. అది ఇంకా గొప్పగా ఉండేదని ఆయన నమ్మకం. అది నిజమే కావచ్చు. పెళ్ళి ఫ్లాష్‌బ్యాక్‌లో నటుడికి వయసు తగ్గించడానికి పెట్టిన విగ్గు అలాగే ఉండిపోయింది, ఆ ముక్కని టాప్ యాంగిల్‌తో దాటించడం తప్ప ఏమీ చేయలేకపోయారు.

ఎంపిక దగ్గరే పట్టుకోవాల్సింది

పాత్రకి మనిషిని ఖాయం చేసే ముందు ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు ఈ పాత్ర మొదటి 30 నిమిషాల్లో చేసే పనులు రాయాలి. క్రియలే రాయాలి: కడతాడు, బేరమాడతాడు, బాగుచేస్తాడు. "మంచివాడు", "నెమ్మదస్తుడు" అని రాయకూడదు. రెండోవైపు ఈ నటుడి గురించి జనానికి ముందే తెలిసినవి రాయాలి. మొదటి వైపు మూడు నాలుగు వరుసలకి మించకపోతే రెండో వైపు గెలుస్తుంది. అప్పుడు పనులైనా పెంచాలి, మనిషినైనా మార్చాలి. ఈ స్క్రిప్టులో మొదటి వైపు మొత్తం రెండు వరుసలే తేలేది.

తర్వాత ఫోటోల పరీక్ష. ఇంట్లోని పాత్రలకి అనుకున్న నటులందరి ఫోటోలు, మేకప్ లేకుండా, ఒకే సైజులో, పేర్లు లేకుండా వరుసగా పెట్టి, సినిమాతో సంబంధం లేని పదిమందిని "వీళ్ళంతా ఒక ఇంటివాళ్ళు, ఎవరి చేతికి ఇంటి తాళాలిస్తారు?" అని అడగాలి. పైసా ఖర్చు లేదు. నటుణ్ణి ఒక్కణ్ణే చూసి ఎంపిక చేయడం వల్లే ఇలాంటివి దాటిపోతాయి. లుక్ టెస్ట్ కూడా స్టూడియోలో తెల్ల పరదా ముందు కాకుండా, అసలు గల్లాపెట్టె వెనక, వాడబోయే లెన్సుతో, ఎదుట వదిన పాత్ర వేసే ఆవిణ్ణి నిలబెట్టి తీయాలి. ఇక్కడ ఆరడుగుల మనిషిని ఆ చిన్న టేబుల్ వెనక ఇరికించగానే, ఆవిడ కన్నా అతను కూర్చుని కూడా పెద్దగా కనిపించాడు. ఒక పూట టెస్టులో తెలిసిపోయేది.

నిర్మాతకి తెలిసిన ముఖం కావాలన్నది న్యాయమైన కోరికే. అప్పుడు చూడాల్సింది ఆ ముఖానికి ఏ పాత్ర ఇవ్వాలన్నది. ఫైనాన్షియర్ పాత్రకి నాటకాల నుంచి వచ్చిన ఒక కొత్త నటుణ్ణి తీసుకున్నారు. సన్నగా, మెత్తగా, చూడగానే డబ్బు అప్పగించాలనిపించే మనిషి. ఆ పాత్రలో ఆయన్ని చూసి ఎవరూ భయపడలేదు కూడా. వీళ్ళిద్దర్నీ అటూ ఇటూ మార్చి ఉంటే పోస్టర్ మీద అదే ముఖం ఉండేది, గల్లాపెట్టె దగ్గర సరైన మనిషి ఉండేవాడు. షూటింగ్ జరిగినన్ని రోజులూ ఇద్దరూ ఒకే సెట్‌లో, ఒకే టేబుల్‌కి చెరోవైపు కూర్చున్నారు.

చివరిగా అగ్రిమెంటు సంగతి. ఈ సినిమాలో నటుడు తన మంచితనం కొద్దీ ప్యాచ్ వర్క్‌కి, రెండోసారి డబ్బింగ్‌కి వచ్చారు, రాసుకున్న కాగితంలో ఆ మాట లేదు. ముఖ్య పాత్రలన్నిటికీ రఫ్ కట్ తర్వాత రెండు రోజుల ప్యాచ్ వర్క్, రెండు డబ్బింగ్ సెషన్లు పారితోషికంలోనే కలిపి రాసుకోవాలి. గెటప్ మార్చుకునే ముందు చెప్పాలన్న షరతు, మెస్ లాంటి కీలకమైన లొకేషన్‌ని రఫ్ కట్ చూసేదాకా వదలకుండా కొంత అద్దె కట్టి ఉంచడం, ఈ రెండూ బడ్జెట్‌లో మొదటే పడాలి. గోడ రంగులు, టేబుల్ కొలతలు, లైట్లు ఎక్కడెక్కడ పెట్టారో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఫోటోలు తీసి ఉంచింది కాబట్టే ఆ రాత్రి సీనుకి గోడ ముక్క ఒక్క రోజులో కట్టగలిగారు.